తేజకు బాలింత పథ్యం

పురిటికి పుట్టింటికి వచ్చిన నాకు, ఊయల కింద తేజ పడుకుంటేనే కన్ను మూతపడేది. తేజ మా కుక్క. మిరప రకం పేరే పెట్టాడు నాన్న. పాప పుట్టిన కొత్తలో పత్తి చేలోంచి ఇంట్లోకి పాము వస్తే, నేను చూసేలోపే వాడు మొరిగి తరిమేశాడు. అప్పటినుంచి వాడు కనపడకపోతే నాకు గుండె దడ. అలాంటి తేజ అన్నం మానేసి, నిలబడలేక తూలుతుంటే, వీడు పోతే నా బిడ్డకు కాపలా ఎవరని ఏడుపొచ్చింది.

నాన్న యలమందయ్య కళ్లంలో మిరపకాయ చూసినట్టే తేజ పెదవి పైకెత్తి చూశాడు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"తాలు కాయలా రంగంతా పోయిందే," అన్నాడు.

"రక్తం లేదు," అంది అమ్మ. "కాన్పయ్యాక ఇదిగో, ఈ రమ్య మాత్రం ఇట్టాగే పాలిపోలా? నా పథ్యం తిన్నాకే గదా మనిషయింది. వీడికీ అదే పెడతా."

"మగకుక్కకి బాలింత పథ్యమేంటమ్మా?"

"రక్తానికి ఆడా మగా ఏముందే? నువ్వు పిల్లని చూసుకో."

మా అమ్మ గురవమ్మ పథ్యమంటే ఊళ్లో ఎదురు చెప్పేవాళ్లు లేరు. నా మంచం పక్కన ఇంకో మంచం పడింది. అమ్మ తేజ తలకి తువ్వాలు చుట్టింది. చలిగాలి సోకకుండా చెవుల నిండా దూది కుక్కింది. పత్తి మాదే కాబట్టి ఏమాత్రం లోభించలేదు. సాంబ్రాణి పొగ వేసింది. అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి ముద్దలు నోట్లో పెట్టి, మింగేదాకా గొంతు నిమిరింది.

ఎదురింటి వెంకటరావమ్మ పిన్ని బ్రెడ్డు ప్యాకెట్ పట్టుకుని చూడ్డానికి వచ్చింది. నాకేననుకుని చెయ్యి చాచాను. ఆవిడ దాన్ని తేజ మంచం మీద పెట్టి, "పాలు పడ్డాయా?" అని అడిగింది.

"ఇంకా ఎక్కడ, ఒంట్లో రక్తముంటే గదా," అంది అమ్మ దిగులుగా.

పథ్యం పడేకొద్దీ తేజ ఇంకా నీరసించిపోయాడు. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. భయంతో వాడి తల నిమురుతుంటే చెవిలో దూది కదిలింది. మళ్లీ కదిలింది. పీకి చూశాను. లోపల గోమారి పురుగులు, రక్తం తాగి ఆముదం గింజల్లా ఉబ్బి, మా పత్తి పరుపు మీద హాయిగా కాపురం చేస్తున్నాయి.

"అమ్మా, వీడి రక్తమంతా ఇవే తాగేస్తున్నాయి. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్దాం."

అమ్మకీ భయమేసింది. అయినా గడపకి అడ్డంగా నిలబడింది.

"చేద వెయ్యకుండా బాలింత గడప దాటకూడదు."

బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి, చేదతో నీళ్లు తోడాకే బయటి పనులకు కదలాలి. మా బావి ఎప్పుడో పూడిపోయింది. నేనైనా బోరింగు కొట్టే ఆ తంతు ముగించాను. ఇప్పుడు అమ్మతో వాదిస్తే పొద్దుపోతుంది, తేజకి అంత సమయం లేదు.

"ఐతే వేయించు, త్వరగా," అన్నాను.

నాన్న తేజని ఎత్తుకున్నాడు. అమ్మ బోరింగుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, తేజ నుదుటికీ అలాగే చేసింది. వాడి ముందుకాలు పిడి మీద పెట్టి, దానిపైన నా చెయ్యి వేసి కొట్టాను. నీళ్లు రాలేదు. ఎదురింటి పిన్ని వచ్చి బోరింగు పైనుంచి చెంబెడు నీళ్లు పోసి, "ఇప్పుడు కొట్టు," అంది. నీళ్లు పడేదాకా రోడ్డు మీద మా కోసం వచ్చిన ఆటో హారన్ మోగుతూనే ఉంది.

గుంటూరు బ్రాడీపేటలో కుక్కల డాక్టరు నజ్మీన్ గారు తేజ నుదుటి పసుపు చూస్తూ తలకున్న తువ్వాలు విప్పారు.

"ఏమైందండీ?"

"బాలింతండి," అంది అమ్మ.

డాక్టరు గారు తోక ఎత్తి చూశారు. "ఇది మగదండి."

"తెలుసండి."

రక్తం తీసి పరీక్ష చేసి వచ్చారు. గోమార్లు తాగిన రక్తం కొంతేనట. అవి కుట్టినప్పుడు లోపలికి వెళ్లిన క్రిమి మిగతా రక్తాన్ని విరగ్గొడుతోందట.

"తిండి ఏం పెడుతున్నారు?"

"వెల్లుల్లి కారమండి, పూటకో గడ్డ," అంది అమ్మ గర్వంగా.

"వెల్లుల్లి కుక్క రక్తానికి విషమమ్మా. సగం పని ఆ క్రిమి చేస్తే, మిగతా సగం మీరు చేశారు."

అమ్మ మొహం తేజ చిగుళ్ల రంగుకి వచ్చింది. "బతుకుతాడా అండీ?" అంది.

"ఇంజక్షన్ ఇస్తున్నాను. సాయంత్రానికి తేరుకోకపోతే ఇంకో కుక్క రక్తం ఎక్కించాలి. తేరుకుంటే నెల రోజులు మాత్రలు వాడాలి."

తేజకి సెలైన్ ఎక్కుతోంది. ఒళ్లో పాపతో నేను తేజ పొట్ట వైపే చూస్తూ కూర్చున్నాను, ఊపిరి ఆడుతోందా లేదా అని. అమ్మ డాక్టరు గారిచ్చిన పట్టుకారుతో గోమార్లని ఒక్కొక్కటే లాగి మందునీళ్లలో వేస్తూ, "మా పత్తిలోనే కాపురం పెట్టి మా వాడి నెత్తురే తాగుతారా, సిగ్గులేని ముండల్లారా," అని తిడుతోంది.

పొద్దు వాలుతుండగా తేజ తల ఎత్తాడు. మెడ చాచి, పక్కనున్న గిన్నెలో మూతి పెట్టాడు.

"చన్నీళ్లు," అంది అమ్మ, గిన్నె లాగేయబోతూ. "బాలింతకి చన్నీళ్లు పడవండి."

డాక్టరు గారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను.

తేజ గిన్నె అడుగు కనపడేదాకా తాగాడు.