ఫేజు మార్చే చెయ్యి

తండాలో ఒక ఇంటికి సరుకు అమ్మితే అది ఒక్క ఇంటితో ఆగదు. ఇరుగుపొరుగు వచ్చి చూస్తారు, మెచ్చితే మాకూ అదే కావాలంటారు. సరుకు చెడిందంటే ఆ మాట ఇంకా తొందరగా పాకుతుంది. టేకులపల్లి రోడ్డు మీద టీవీలు, ఫ్రిజ్‌లు అమ్ముకుంటూ నేను నేర్చుకున్న మొదటి లెక్క ఇది. అందుకే శ్రీనివాస్ హోమ్ థియేటర్ రిసీవర్ కావాలని షాపుకు వచ్చినప్పుడు ఎంతలో కావాలని అడగలేదు. ఎవరు వింటారని అడిగాను.

"నేనే, ఇంకెవరక్కా?" అన్నాడు. ఇల్లందులో బ్యాంకు ఉద్యోగం అతనిది. తండాలో కొత్తగా స్లాబు ఇల్లు కట్టాడు. ఫోన్‌లో చూసిన వీడియోలన్నీ నాకు అప్పజెప్పాడు. "సెవెన్ పాయింట్ టూ కావాలె. హెలికాప్టర్ తల మీదకెళ్లి పోయినట్టుండాలె."

"గది ఎంత?"

"పన్నెండు, పద్నాలుగు."

"అందులో హెలికాప్టర్ పట్టదు తమ్ముడూ. నువ్వు, సోఫా పడితే గొప్ప."

వెనక నిలబడిన అతని భార్య పుష్ప పకాలున నవ్వింది. ఆమె మా ఊరి దవాఖానాలో నర్సు. ఆ ఇంట్లో ఏది కొనాలన్నా చివరి మాట ఆమెదేనని నాకు ఫ్రిజ్ అమ్మినప్పుడే తెలుసు. శ్రీనివాస్ స్పీకర్లు చూస్తూ అటు వెళ్లగానే నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఈయన మాట పక్కకు పెట్టు. మా మామకు మాటలు వినబడాలె. సౌండ్ ఎంత పెంచినా పాటలు, చప్పుళ్లే పెరుగుతున్నయి గాని మాట అర్థమైతలేదంట. టీవీ ముంగట కూసోవుడే బంజేసిండు. అందరం లోపలుంటే ఆయనొక్కడు అరుగు మీద కూసుంటడు. మామ మల్ల లోపలికొచ్చి కూసుంటే చాలు, అదే కొంట."

ఆమె మామ సోమ్లా నాకు తెలుసు. జీవితమంతా నూర్పిడి మిషన్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి. దవాఖానాలో ఇచ్చిన చెవి మిషన్ గూట్లో పెట్టి, అందులో మిడతలు అరుస్తున్నాయని మళ్లీ ముట్టుకోలేదట.

నా లెక్క అప్పుడే తేలింది. రిసీవర్ అంటే టీవీలో వచ్చే చప్పుడునంతా విడదీసి గదిలోని స్పీకర్లకు పంచే పెట్టె. మాటలు ఎక్కువగా టీవీ కింద పెట్టే నడిమి స్పీకర్‌లోంచి వస్తాయి. ఆ ఒక్క దాని గొంతు విడిగా పెంచుకునే వీలున్న ఫైవ్ పాయింట్ వన్, అంటే ఐదు స్పీకర్లు, ఒక బేస్ నడిపే పెట్టె ఒకటి నా దగ్గర ఉంది. నిరుటి మోడల్ కాబట్టి ధర దిగింది. అట్టపెట్టె మీద రాసే వాట్లు ఎక్కువగా ఒకటి రెండు స్పీకర్లు మోగినప్పటి లెక్కే, అన్నీ మోగితే అంత రాదు. ఇది చెప్తే శ్రీనివాస్ మొహం చిన్నబోయింది.

"ఖమ్మం నుంచి శ్రీధర్ అని ఒకాయన పెద్దది తెస్తనన్నడక్కా. శనివారం సాయంత్రం ఇద్దరివీ విందాం. మావోళ్లు గూడ వస్తరు."

తండాలో పద్ధతే అంత. పాడే పెట్టె ఏదైనా ముందు ఇంటికొచ్చి మోగాలి, పదిమంది వినాలి, ఆ తర్వాతే ధర మాట. అప్పటిదాకా పెట్టెకు ఏమైనా అమ్మేవాడిదే నష్టం. కరెంటు ఎక్కువ వచ్చి కాలితే కంపెనీ మొహం కూడా చూడదు. నాకు సరుకిచ్చే డీలరూ అంతే.

శనివారం ఎండ తగ్గాక పెట్టె, స్పీకర్లు, ఒక స్టెబిలైజర్ ఆటోలో వేసుకుని వెళ్లాను. శ్రీధర్ అప్పటికే వచ్చి వైర్లు కలుపుతున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో షాపు కార్డు. అతని పెట్టె నాదానికి రెండింతలుంది. దాన్ని చూడటానికే నలుగురు యువకులు గుమ్మంలో చేరారు.

నేను ముందు కరెంటు చూశాను. కొత్త ఇంటికి వెళితే అది నా అలవాటు. ప్లగ్గులో వోల్టులు కొలిచే మీటర్ పెడితే, రెండు వందల ముప్పై ఉండాల్సింది నూట డెబ్బై దగ్గర కొట్టుకుంటోంది. అరుగు మీద, గోడకున్న కరెంటు మీటరు పక్కన, ఫేజు మార్చే స్విచ్ ఉంది. మా వైపు చాలా ఇళ్లలో ఇది ఉంటుంది. ఒక ఫేజులో కరెంటు మందగిస్తే పిడి తిప్పి ఇంకో ఫేజుకు మారతారు. నేనూ తిప్పించి చూశాను. రెండో ఫేజులో మీటర్ మూడు వందలకు ఎగబాకింది. వెంటనే వెనక్కి తిప్పించేశాను.

"ట్రాన్స్‌ఫార్మర్ కాడ న్యూట్రల్ వైరు వదులైంది శ్రీనివాస్. ఒక ఫేజు పడిపోయి ఇంకోటి లేస్తోంది. లైన్‌మన్‌కు చెప్పు. అప్పటిదాకా ఈ పిడి ఎవరూ ముట్టొద్దు."

"సరే అక్కా."

"అసలు దీన్ని రోజూ తిప్పేదెవరు?"

"మామనే," అంది పుష్ప. "పొద్దుగూకినంక బల్బులు మందమైతే లేచి తిప్పుతడు. అది ఆయన డ్యూటీ. ఇప్పుడు మేకల కాడికి పోయిండు, రాంగనే చెప్త."

శ్రీధర్‌కు నా స్టెబిలైజర్ ఇవ్వబోయాను. అతను దాన్ని చేత్తో ఎత్తి చూసి నవ్వాడు. "మేడమ్, ఇది మా బాక్స్‌కు చాలదు. తక్కువ కరెంటుకు ఏం కాదులెండి, నడుస్తది." టీవీ, తన రిసీవర్, బేస్ పెట్టె అన్నీ ఒకే బోర్డులో గుచ్చి నేరుగా గోడకు పెట్టాడు. నా పాదాల పక్కనే ఉంది ఆ ప్లగ్గు. పుష్ప వచ్చినవాళ్లకు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

అతని పెట్టె మోగింది. అబద్ధం ఎందుకు, గది అదిరిపోయింది. యుద్ధం సీను పెట్టాడు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. శ్రీనివాస్ సోఫాలో ముందుకు వంగి చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. గుమ్మంలో ఉన్నవాళ్లలో ఒకడు, "మనింటికి గూడ గిదే అన్నా!" అని అరిచాడు. నా బేరం ఆ ఒక్క అరుపులో కొట్టుకుపోతున్నట్టు అనిపించింది.

అప్పుడే గమనించాను. బేస్ కొట్టినప్పుడల్లా బల్బు మందగిస్తోంది. ఒక్కో దెబ్బకు గదంతా పసుపు పచ్చగా అయి మళ్లీ తేరుకుంటోంది. కిటికీలోంచి అరుగు వైపు చూశాను. సోమ్లా వచ్చేశాడు. కర్ర గోడకానించి కూర్చున్నాడు. తల ఎత్తి అరుగు మీది బల్బునే చూస్తున్నాడు. పుష్ప ఇంకా వంటింట్లోనే ఉంది.

బల్బు మళ్లీ మందగించింది. ముసలాయన మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచాడు.

"పెద్దాయనా!" అని అరిచాను. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు, ఆయనకేం వినపడుతుంది? అరుగు మీదికి పోవాలంటే గుమ్మంలో జనం. "శ్రీనివాస్, మీ నాన్న!" అన్నాను. అతను సౌండ్ బాగుందని అంటున్నాననుకుని నాకు బొటనవేలు చూపించాడు.

ఊరుకుంటే ఏమవుతుంది? శ్రీధర్ పెట్టె అందరి ముందూ కాలుతుంది. నా పెట్టె అట్టపెట్టెలో భద్రంగా ఉంది. పైకి చూస్తే లాభం నాదే. కానీ తండాలో రేపు ఎవరూ శ్రీధర్ పెట్టె కాలిందనరు. గట్లాంటి పెట్టెలు మన ఇండ్లల్ల కాలిపోతయట అంటారు. ఇక ఎవరూ ఏ పెట్టే కొనరు. పైగా అదే బోర్డులో ఉన్న టీవీ పుష్ప పోయిన పండక్కి నా దగ్గర కొన్నది. ఇదంతా ఇప్పుడు విడమర్చి చెప్తున్నాను గాని, సోమ్లా పిడి మీద చెయ్యి వేసేసరికే నేను వంగి ప్లగ్గు పీకేశాను.

గది గుటుక్కున చచ్చిపోయినట్టయింది.

"ఏయ్! ఏందిది?" శ్రీధర్ నా మీదికి వచ్చాడు. "మీది నడవదని నాది ఆపుతరా? గింత కుళ్లా?"

"నాగలతక్కా, నువ్వు గిట్ల చేస్తవనుకోలే," అన్నాడు శ్రీనివాస్. అతని మొహంలో కోపం కంటే సిగ్గు ఎక్కువ కనిపించింది. గుమ్మంలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

నేను నోరు తెరిచేలోపు, బిగుసుకున్న పిడి ముసలాయన చేతిలో తిరిగి, అరుగు మీద టక్కుమని చప్పుడైంది.

బల్బు తెల్లగా మండింది. ఫ్యాన్ విమానంలా గిరగిరా తిరిగింది. వంటింట్లో బల్బు ఠప్పున పేలి, పుష్ప కెవ్వుమంది. కాలిన వాసన వచ్చింది. శ్రీనివాస్ ఒక్క గెంతులో జనాన్ని తోసుకుని వెళ్లి పిడి వెనక్కి తిప్పాడు.

సోమ్లా స్విచ్ పక్కన నిలబడి, వెలిగి మళ్లీ మందగించిన బల్బు వైపు చూస్తూ, "మంచిగ వెలుగొచ్చింది గదరా, ఎందుకు తీసినవ్?" అన్నాడు.

శ్రీధర్ వంగి తన పెట్టెను చేత్తో తడిమి చూసుకున్నాడు. నేను పీకిన ప్లగ్గు ఇంకా నా చేతిలోనే ఉంది.

"మేడమ్..." అన్నాడు.

"నీ కోసం కాదులే బాబూ, నా యాపారం కోసమే," అన్నాను.

పుష్ప బల్బు పెంకులు ఊడ్చి వచ్చింది. "నీదీ పెట్టక్కా, విందాం," అంది.

స్టెబిలైజర్ మీద నా పెట్టె కలిపాను. యుద్ధం పెట్టలేదు, వార్తలు పెట్టాను. నడిమి స్పీకర్ గొంతు ఒక్కో మెట్టే పెంచుకుంటూ పోయాను. వెనక వచ్చే సంగీతం అంతే ఉంది, మాట మాత్రం ముందుకు వచ్చింది. యువకులు ఒకరొకరే జారుకున్నారు. "పటాకుల్లేని పండుగ లెక్కున్నది," అన్నాడు శ్రీనివాస్ నీరసంగా. పుష్ప టీవీ చూడటంలేదు. గుమ్మం చూస్తోంది. నేనూ అటే చూస్తున్నాను. ఖమ్మం మార్కెట్‌లో మిర్చి ధర పడిందని వార్తలు చదివే అమ్మాయి చెప్తోంది.

గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"పడ్డదా?" అన్నాడు సోమ్లా. "పోయిన వారమే అమ్మమని చెప్పిన గదరా శీనూ. ఒక్కనాడన్న నా మాట నీకు వినబడ్డదారా?"

పుష్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన వచ్చి సోఫాలో కొడుకును జరగమని కూర్చున్నాడు.

"ధర చెప్పక్కా," అంది పుష్ప.

చెప్పాను. ఆమె బేరం కూడా ఆడలేదు. కానీ నేను వైర్లు విప్పడం మొదలుపెట్టాను. "లైన్‌మన్ వచ్చి న్యూట్రల్ బిగించినంక తెస్తా. స్టెబిలైజర్ ఒక దెబ్బ కాస్తది, రోజూ కాయదు. పెద్దాయన చెయ్యి ఊరుకోదు."

"నాది ఉంచమంటే ఉంచుత సార్, ధర గూడ చూసిస్త," అన్నాడు శ్రీధర్ వెంటనే. అతన్ని తప్పు పట్టను, అతని స్థానంలో నేనైనా అదే అందును. ఒక రాత్రి ఇంట్లో ఉన్న సరుకు సగం అమ్ముడైనట్టే. శ్రీనివాస్ ఆ పెద్ద పెట్టె వైపు, పుష్ప వైపు మార్చి మార్చి చూశాడు. వైరు చుడుతున్న నా వేళ్లు ఆగిపోయాయి. తీసుకుపోతే బేరం పోవచ్చు. ఉంచితే పెట్టే పోవచ్చు.

పుష్ప మామ చెవి దగ్గర వంగి వాళ్ల లంబాడీ భాషలో ఏదో గట్టిగా చెప్పింది. స్విచ్ చూపించింది, మూలకు ఊడ్చిన బల్బు పెంకులు చూపించింది, పెట్టెను చూపించింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. లేచి అరుగు మీదికి వెళ్లాడు. స్విచ్ పిడిని రెండు చేతులా పట్టుకుని గుంజాడు. అది ఊడి వచ్చింది.

తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"కరెంటు మంచిగయ్యేదాక గిది నీ కాడుంచు బిడ్డా. డబ్బా నా కాడుంచు."

నేను చుట్టిన వైరు విప్పి మళ్లీ పెట్టెకు కలిపాను.