వరండా రూలు

లమార్ గాడిస్ ఒకప్పుడు మా ఊరి హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్. రిటైరయ్యాక అజమాయిషీ చెయ్యడానికి పిల్లలు దొరక్క మమ్మల్ని పట్టుకున్నాడు. నవంబరు వచ్చిందంటే ప్రతి మంగళవారం సాయంత్రం డ్యూయీ బార్బెక్యూ కొట్టులో వెనక బల్ల దగ్గర చేరతాం. దేశంలో ఏ పన్నెండు కాలేజీ జట్లు ప్లేఆఫ్‌కి వెళ్ళాలో, ఏది ముందో ఏది వెనకో తేలుస్తాం. ఆ తర్వాత టీవీలో, జట్లని ఎంచే అసలు కమిటీ తన వరస చెబుతుంది. వాళ్ళది మాతో కలవకపోతే వాళ్ళకి బుద్ధి లేదని తీర్మానిస్తాం. అలబామాలో ఇంతకన్నా గొప్ప పని ఇంకోటి లేదు.

అసలు కమిటీలో ఒక రూలుంది. ఎవరికైనా ఒక కాలేజీతో సంబంధం ఉంటే, దాని పేరు వచ్చినప్పుడు లేచి గది బయటికి పోవాలి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, ఆ బెడద లేకుండా అన్నమాట. లమార్‌కి ఈ రూలు తెగ నచ్చి మాకూ పెట్టాడు. మన జట్టు పేరు రాగానే మనం వరండాలోకి పోవాలి. సంగతి తేలాక ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారు.

నా కాలేజీ జట్టు టాల్మన్ స్టేట్. ఏళ్ళ తరబడి దాని పేరు ఎత్తిన నాథుడు లేడు కనక బల్ల దగ్గర నా కుర్చీకి ఢోకా లేకపోయింది. నాకు కావలసింది కూడా ఆ కుర్చీయే. రోండా విడాకులు తీసుకుని బర్మింగ్‌హామ్ వెళ్ళిపోయాక మా ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. నేను దానికి జవాబులు కూడా చెబుతుంటాను. వారమంతా నోరు కట్టేసుకుని మంగళవారం ఇప్పుతాను. అందుకే నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు.

అలాంటిది ఈ ఏడు టాల్మన్ గెలవడం మొదలెట్టింది. నవంబరు మొదటి మంగళవారమే లమార్ తల పైకెత్తకుండా అన్నాడు: "హార్లన్, లే. మీవాళ్ళ పేరొచ్చింది."

"ఇంత చలిలోనా?"

"రూలు రూలే. మిస్ వెర్నా, మీరూ లేవండి. మీ ఒకోనా టెక్‌నీ వీడి టాల్మన్‌నీ పక్కపక్కన పెట్టి చూడాలి."

వెర్నా స్టాలింగ్స్ అప్పటిదాకా నాకు ముఖపరిచయం మాత్రమే. చర్చి పక్కన పూలకొట్టు నడిపి మానేసింది. ఒకోనా టెక్ అసలు ఆమె భర్త జట్టు. ఆయన పోయాక ఆయన కుర్చీలో ఈమె వచ్చి కూర్చుంటోంది. మా రెండు జట్లూ రెండేసి ఆటలు ఓడాయి. మిగిలింది పన్నెండో చోటు ఒక్కటే. సెప్టెంబర్లో టెక్ మమ్మల్ని ఓడించిన మాట నిజమే, కాని మావాళ్ళు ఆడిన జట్లు గట్టివి. ఈ చిక్కుముడి విప్పలేక లోపలివాళ్ళు చాలాసేపు జుట్లు పీక్కునేవాళ్ళు. అంతసేపూ మేమిద్దరం వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చునేవాళ్ళం.

"మేము మిమ్మల్ని కొట్టాం. ఇంక మాటలెందుకు?" అంది ఆమె మొదటిరోజే, సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి మధ్యలో పెడుతూ.

"అప్పుడు బంతి విసిరే మా క్వార్టర్‌బ్యాక్‌కి మణికట్టు బాగాలేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే."

"మీవాళ్ళు గెలిచినవన్నీ పిల్లకాయల జట్లు, మిస్ వెర్నా. వాళ్ళమీద నేనాడినా గెలుస్తా."

"నువ్వా? వరండా మెట్లెక్కితేనే ఆయాసపడతావు. కాయలు తిను."

తర్వాతి మంగళవారం గడ్డం గీసుకుని వెళ్ళాను. ఎవరైనా పోయారా అని డ్యూయీ అడిగాడు. ఆ రోజు ఆమె రెండు కప్పుల్లో కాఫీ పట్టుకుని బయటికి వచ్చింది. మాటల్లో, శనివారాలు తాను టీవీలో ఆటలన్నీ గట్టిగా పెట్టుకుంటానంది.

"ఆటంటే ప్రాణమనేం కాదు, హార్లన్. ఆయన రిఫరీలని తిడుతూ ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఇప్పుడు ఎవరో ఒకరు అరుస్తుంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది."

నేనూ అంతేనని చెప్పాలనిపించింది. చెప్పకుండా మా డిఫెన్స్ గురించి చెప్పాను.

అలా నెలంతా గడిచింది. రెండు జట్లూ ఎవరి ఆటలు వాళ్ళు గెలుస్తూ ఆ పన్నెండో చోటు దగ్గరే నిలబడ్డాయి. లోపల ఏం తేల్చారో నాకు పట్టడం మానేసింది. తలుపు తీసి మమ్మల్ని పిలిచేవాడి మీద ఒళ్ళుమండేది.

చివరి శనివారం కాన్ఫరెన్స్ ఫైనళ్ళు, అంటే ఏ లీగుకి ఆ లీగు ఆఖరి ఆటలు. మధ్యాహ్నం టెక్ చిత్తుగా ఓడింది. సాయంత్రం మావాళ్ళు కూడా ఓడితే రెంటికీ మూడేసి ఓటములవుతాయి, ఆదివారం ఆఖరి కమిటీలో మళ్ళీ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు. మావాళ్ళు గెలిస్తే మాత్రం టెక్ ఊసే ఉండదు. ఆట ఆఖర్లో మావాళ్ళు ఒక్క పాయింటు వెనకబడ్డారు. గోలుకి తన్నడానికి సన్నటి కుర్రాడొకడు వచ్చాడు.

"పక్కకి పోనీ, నాయనా," అన్నాను టీవీతో.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ టాల్మన్ మనిషిని నేను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. బంతి కొయ్యల మధ్యనుంచి చక్కగా పోయింది, మావాళ్ళు గెలిచారు. వెంటనే లమార్ ఫోను చేశాడు.

"ఒరేయ్, నీ రొట్టె విరిగి నేతిలో పడింది."

"అవును," అన్నాను. ఏడుపొచ్చింది. సంతోషమనుకుని వాడు నన్ను కాసేపు ఏడవనిచ్చాడు.

ఆదివారం చర్చి అయ్యాక ఆఖరి కమిటీ. "హార్లన్, లే," అన్నాడు లమార్. అందరూ చప్పట్లు కొట్టారు. వెర్నా లేవలేదు. ఆమె లేవాల్సిన పని లేదు.

వరండాలో ఒక్కణ్ణే కూర్చున్నాను. రోడ్డు మీద దుంగల లారీలు పోతున్నాయి. లోపల వాదన గట్టిగానే సాగుతోంది, అందులో ఆమె గొంతే ఎక్కువగా వినిపిస్తోంది. ఈ పూటతో సరి, కమిటీ మళ్ళీ వచ్చే నవంబరుకే. ఈలోగా ఆమెని ఏ వంక పెట్టి పలకరించాలో నాకు తోచలేదు. వంక లేకుండా మనిషిని పలకరించడం నాకెప్పుడూ చేతకాలేదు.

తలుపు తీసి ఆమే వచ్చింది, కోటు కూడా వేసుకోకుండా.

"రా లోపలికి. మీవాళ్ళని తొమ్మిదిలో పెట్టాం. లమార్ పదకొండన్నాడు, నేనే కొట్లాడాను."

"మీరా?"

"నేనే. వాళ్ళు ఆడిన జట్లెంత గట్టివో, ఆ మణికట్టు సంగతేమిటో, అన్నీ చెప్పాను. నెలరోజులుగా నీ దగ్గర వినీ వినీ నాకు నోటికొచ్చేసింది." ముఖం వెలిగిపోతోంది. నాకు కానుక ఇచ్చాననుకుంటోంది పాపం.

"మిస్ వెర్నా," అన్నాను, "నిన్న మావాళ్ళు ఓడిపోవాలని కోరుకున్నాను."

"ఎందుకూ?"

"ఓడితే ఇవాళ మీరూ బయటికి రావలసొచ్చేది."

ఆమె నా వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"నీ నోరు పాడుగాను," అని, చలికి చేతులు రుద్దుకుంటూ లోపలికి వెళ్ళింది. "విన్నారా, టాల్మన్ ఓడిపోవాలనుకున్నాడట హార్లన్," అని ఆమె చెప్పడం, వాళ్ళంతా గొల్లుమనడం వినిపించింది.

నేనూ నవ్వుముఖం పెట్టుకుని లోపలికి వెళ్ళాను.