నాన్న చెయ్యి పడని తల

అద్దం తుడిచి వెనక్కి తిరిగేసరికి కుర్చీలో నాన్న ఉన్నాడు, తెల్లగుడ్డ తనే మెడ చుట్టూ కట్టుకుని, గడ్డం పైకెత్తి, ఎప్పుడూ వచ్చే గిరాకీలా. పోయి నాలుగేళ్లవుతున్నా గడ్డం మాత్రం బాగానే పెరిగింది. ఇది మా సెలూనే, నరసరావుపేట పాత బస్టాండు సందులో ఆయన నాకు వదిలి వెళ్లిన రెండు కుర్చీల సెలూను, కాకపోతే దీనికి నాలుగో గోడ లేదు, అటువైపు కొండ మెట్లు మొదలై పైకి పోతున్నాయి, మెట్ల మీద నుంచి జనం చంటిపిల్లల్ని భుజాన వేసుకుని దిగి వస్తున్నారు, పిల్లలందరికీ కొత్త గుండ్లు, గుండ్ల మీద గంధం, ఒక్కరూ ఏడవడం లేదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు గుండ్లు తీస్తున్నాను, ఏడవని పిల్లల్ని అంతమందిని ఒక్కచోట చూస్తే నాకు భయం వేస్తోంది.

"గియ్యరా కొండలూ," అంటాడు నాన్న. "రేపు పాపకి పుట్టెంట్రుకలు తీస్తన్నారంట గదా. మాసిన మొహంతో ఎట్టా వచ్చేది?"

రేపు అనగానే నా చెయ్యి చొక్కా జేబులోకి పోతుంది, బ్లేడు ముక్క ఉందేమోనని. లేదు. ప్యాంటు జేబు చూస్తాను, మళ్లీ చొక్కా జేబు చూస్తాను. నాన్న అద్దంలో నుంచి నా చేతులనే చూస్తున్నాడు. మా ఇళ్లలో మేనమామ ముందు ఒక పాయ కత్తిరిస్తాడు, ఆ తర్వాత పిల్ల తల మీద మొదటి కత్తి పెట్టవలసింది తండ్రే, ఊరందరికీ గుండ్లు తీసేవాడు తన పిల్ల తలను ఇంకొకడి చేతిలో పెడితే మావాళ్లు నవ్వుతారు. రేపు కొండ మీద ఇరవై మంది బంధువుల ముందు ఆ కత్తి నేను పట్టుకోవాలి. పాప పుట్టి తొమ్మిది నెలలైంది, అందులో ఎనిమిది నెలలుగా నేను పాపను ఎత్తుకోలేదు.

నురగ రాస్తూ ఇదంతా ఆయనకు చెప్పేస్తున్నాను, అడక్కుండానే, బతికున్నప్పుడు ఆయనతో ఇన్ని మాటలు ఏనాడూ మాట్లాడింది లేదు. మూడో వారంలో ఒక సాయంత్రం నా భార్య హైమ నీళ్లు కాగాయో లేదో చూసి వస్తానని పాపను నా చేతిలో పెట్టి వెళ్లింది, నా అరచేతిలో పాప తల ఉంది, మాడు దగ్గర పలచని చర్మం కింద టిక్ టిక్ మని కొట్టుకుంటోంది, అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. ఇక్కడ కత్తి పెడితే, అని. మాటగా రావడం కూడా కాదు, మొత్తం కళ్లకు కట్టినట్టు వచ్చింది. పాపను ఉయ్యాలలో వేసి పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను. ఆ రోజు నుంచి కొట్టు కట్టేటప్పుడు రెండుగా విరిచి వాడే బ్లేడు ముక్కలన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేస్తాను, తాళం వేసి సగం దూరం పోయి, లెక్క తప్పిందేమోనని వెనక్కి వస్తాను, మళ్లీ పోయి మళ్లీ వస్తాను, చివరికి ఇంటికి ఫోన్ చేసి కొట్లోనే పడుకుంటానంటాను. ఆడపిల్ల పుట్టిందని అలిగాడని మా అత్త అందరి ముందే అంది. నేను కాదనలేదు. హైమ ఆ రోజు నా మొహంలోకి చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తుకోలేను, కానీ ఉన్నమాట చెప్పడం కన్నా ఆ నింద మోయడమే నాకు తేలికగా ఉంది.

"ఎన్ని?" అంటాడు నాన్న.

"ఏంటి?"

"బ్లేడు ముక్కలు. ఎన్ని లెక్కపెడతావు?"

"ఇరవై రెండు."

"నావి నాలుగు కత్తులే," అంటాడు, తన గొడవేదో తను చెప్పుకుంటున్నట్టు. "ఆ నాలుగూ లెక్కపెట్టుకునేసరికి తెల్లారేది."

నా చేతిలో కుంచె ఆగిపోతుంది. మెట్ల మీద జనం కూడా ఆగారు. నా కాళ్ల కింద నేలంతా వెంట్రుకలే, చీలమండలు మునిగేంత, చంటిపిల్లల మెత్తటి వెంట్రుకలు, ఎక్కడా ఒక్క నెరిసింది లేదు, ఇవి ఎవరివని అడగబోయి అడగలేకపోతున్నాను. చిన్నప్పటి నుంచి నా గొంతులో ఉన్న ప్రశ్న వేరే ఉంది. ఊరంతటికీ క్రాపు చేసిన మనిషి నా తల మీద ఒక్కనాడు చెయ్యి వేయలేదు. నా పుట్టు వెంట్రుకలు తీసింది ఎదురు సెలూను సాంబయ్య, చెయ్యి బెణికిందని నాన్న అందరికీ చెప్పాడట, ఆ బెణుకు ఆయన పోయేదాకా తగ్గలేదు. నెలకొకసారి రోడ్డు దాటి పోయి సాంబయ్య కొట్లో బల్ల మీద కూర్చుంటే, మీ నాన్నకు నువ్వంటే కిట్టదేంట్రా అని గిరాకీలు వేళాకోళం చేసేవాళ్లు. నేను నవ్వేసేవాణ్ని. కిట్టదనే అనుకున్నాను, ఆయన పాడె మోసేటప్పుడు కూడా అదే అనుకున్నాను.

"నీ మెడ కనపడితే చాలు, నా చెయ్యి నాది కాదనిపించేది," అంటాడు నాన్న. నురగ వెనక ఆయన పెదవులు కదలడం లేదు. "నువ్వు పుట్టిన పదో రోజు నుంచి."

"చెప్పొచ్చుగా. అమ్మకైనా."

"చెప్తే? మనసులో ఇట్టాంటిది తిరుగుతా ఉందని తెలిస్తే ఈ ఊళ్లో ఒక్కడు నా ముందు మెడ చాపుతాడా? నీ ముందు చాపుతారా?"

నన్ను కూడా ఎనిమిది నెలలు నోరు నొక్కి ఉంచింది ఆ మాటే. నాన్న గొంతు మెత్తబడుతుంది, నాకు జ్వరం వస్తే గుమ్మం అవతల నిలబడి ఎట్టా ఉందని అడిగే గొంతు అది. తను చేసిందే చెయ్యమంటున్నాడు. సాంబయ్య కొడుకున్నాడు, రేపు వాడిని పిలవమంటున్నాడు, చెయ్యి బెణికిందంటే సరిపోతుందంటున్నాడు, ఇంటికి పోవద్దు, ఎత్తుకోవద్దు, తల నిమరవద్దు, పిల్ల అదే పెరుగుతుంది, నువ్వు పెరగలేదా అంటున్నాడు. మాట్లాడుతూనే తెల్లగుడ్డ కింద నుంచి చెయ్యి తీసి పక్క కుర్చీ మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"కూర్చో. ఇది నీ కోసమే అట్టిపెట్టాను."

కూర్చోవాలనే ఉంది. అలసిపోయాను. కూర్చుంటే ఇక లెక్కపెట్టే పని ఉండదు. కుర్చీ చేతిని పట్టుకున్నాను కూడా, అది తడిగా, చల్లగా ఉంది, అప్పుడు ఎందుకో డాక్టరు సంగతి చెప్పాలనిపించి చెబుతున్నాను, గుంటూరు పోయి ఒక డాక్టరుకు చూపించుకున్నానని, దీన్ని ఓసీడీ అంటారని, బిడ్డ పుట్టాక తల్లులకూ తండ్రులకూ కూడా ఇది వస్తుందని, ఇరవై రోజులుగా మాత్రలు పౌడరు డబ్బా వెనక దాచి వేసుకుంటున్నానని.

"ఆ డాక్టరు నీ చేత గడ్డం గీయించుకుంటాడా?" అంటాడు నాన్న.

"ఆడ డాక్టరు నాన్నా."

నాన్న నవ్వడు. నేను ఆపకుండా చెప్పేస్తున్నాను, ఆపితే కూర్చుండిపోతానని తెలుసు. ఆవిడ నా మాటలన్నీ విని భయపడలేదు. చెయ్యాలని ఉన్నవాడికి ఇంత హడలు పుట్టదని చెప్పింది, ఆ ఆలోచన వచ్చి పోయే ఆలోచనేనని, దానికి భయపడి నేను చేసే లెక్కలూ దాక్కోవడాలూ దానికి మేతని, మేత వేసినకొద్దీ బలుస్తుందని చెప్పింది. ఒక్కసారి లెక్కపెట్టి ఇంటికి పొమ్మంది, ఆలోచన వస్తే రానిచ్చి, పాపను దించకుండా ఒళ్లోనే ఉంచుకుని కూర్చోమంది, అన్నిటికన్నా ముందు మీ ఆవిడకు చెప్పమంది. అందులో నేను చేసింది మాత్రలు మింగడం ఒక్కటే. తర్వాతి వారం ఆవిడ భర్త మా ఊరు పని మీద వచ్చి, మీ దగ్గర బాగా గీస్తారని మా ఆవిడ చెప్పిందని, ఇదే కుర్చీలో మెడ చాపి కూర్చున్నాడు. సగంలో గురక పెట్టాడు.

"గురకా?" అంటాడు నాన్న.

ఆ మాట కుర్చీలో నుంచి రాలేదు, నా వెనక నుంచి వచ్చింది. కుర్చీలో తెల్లగుడ్డ కిందకు దిగిపోతోంది, దాని కింద మనిషి చిన్నదై, చిన్నదై, గుడ్డ మీద ఒక్క తల మిగిలింది, తొమ్మిది నెలల తల, నూనె పెట్టిన నల్లటి పుట్టు వెంట్రుకలు, అది నా తలేనని నాకు తెలుసు. నా కుడిచేతిలో నాన్న పాత కత్తి ఉంది. నా చేతి మీద నాన్న చెయ్యి ఉంది. మాడు కొట్టుకుంటోంది, కత్తి దాని దగ్గరికి పోతోంది, ఎవరి బలంతో పోతోందో తెలియడం లేదు, మెట్ల మీద పిల్లలందరూ ఇటే తిరిగి చూస్తున్నారు.

"వచ్చిందా?" అంటాడు నాన్న, చెవి పక్కనే.

"వచ్చింది."

"నాక్కూడా వచ్చింది."

పారిపోవాలని ఉంది. ఆయన కూడా వణుకుతున్నాడు, ఆ వణుకు నా మోచేతి దాకా తెలుస్తోంది. ఇద్దరం అలాగే నిలబడి ఉన్నాం, ఆలోచన కూడా మాతోపాటే నిలబడి ఉంది, ఎంతసేపో తెలియదు, కత్తి ఉన్నచోటే ఉంది. అప్పుడు నాన్న రెండో చెయ్యి ముందుకు వచ్చి, గుండు తీసేముందు తడిపినట్టు దోసిట్లో నీళ్లు ఆ తల మీద వదులుతుంది. జీవితంలో మొదటిసారి ఆయన చెయ్యి నా తల మీద పడింది. నీళ్లు గోరువెచ్చగా నా రొమ్ము మీదుగా జారి పొట్ట దాకా పోతున్నాయి.

"ఎత్తుకోవాల్సింది రా," అంటాడు. "నిన్ను ఎత్తుకోకుండానే పోయాను."

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం ఎండ గుమ్మంలో ఉంది. భోజనం చేసి సెలూన్ కుర్చీలోనే వెనక్కి వాలి నిద్రపోయాను. నా రొమ్ము మీద పాప బోర్లా పడుకుని ఉంది. బజారు పని చూసుకుని వచ్చిన హైమ ఎదురుగా బల్ల మీద రేపటికి కొన్న పసుపూ కొబ్బరికాయలూ సర్దుకుంటూ, అరగంటైంది బావా, కాసేపైనా నీ దగ్గర ఉంటుందని నేనే పడుకోబెట్టాను, అంది, కోప్పడతానేమోనని తల ఎత్తకుండానే. నా మోచేతి పక్కన, గిరాకీకి గీసి నేను మూయడం మరిచిపోయిన కత్తి అలాగే తెరిచి ఉంది. అరగంట.

ఆలోచన వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది. చెయ్యి కత్తి మూయడానికి లేచింది, ఆ చేతిని వెనక్కి తీసుకొచ్చి పాప వీపు మీద పెట్టాను.

చొక్కా రొమ్ము దగ్గర నుంచి పొట్ట దాకా వెచ్చగా తడిసి ఉంది. పాప ఉచ్చ పోసింది. హైమ చూసి, అయ్యో ఇటివ్వు అంటూ గబగబా లేచి వచ్చింది.

"ఉండనీ," అన్నాను. "నువ్విలా కూర్చో హైమా. నేను పాపని ఎత్తుకోనిది ఆడపిల్ల పుట్టిందని కాదు."