ధైర్యాన్నిచ్చే వార్త

తెలుగు సంఘం కార్యదర్శి రఘునందన్ తెచ్చిన సన్మానపత్రం చదువుతుంటే అరుంధతికి ఒళ్లు మండిపోయింది. కరోనా తొలిరోజుల్లో 'ప్రజలకు దారి చూపిన కలం' అట, పాత్రికేయుడు నాగభూషణానిది. ఆ దారి ఎక్కడికి పోయిందో ఆమెకు తెలిసినంతగా ఘాజియాబాద్‌లో ఇంకెవరికీ తెలియదు.

"మీరప్పుడు మినిస్ట్రీలో పేపర్ కటింగ్స్ చూసేవారు కదా ఆంటీ. మీ సంతకం ఉంటే దీనికో విలువ," అన్నాడతను టీ ఊదుకుంటూ.

రోజూ వార్తలు కత్తిరించి, అతికించి, పక్కన ఒక ముక్క రాసి పైవాళ్లకు పంపడమే ఆమె చేసిన ఉద్యోగం. రిటైరయ్యే ముందు, ఆఫీసువాళ్లు పారేయబోతుంటే తెచ్చుకున్న కటింగ్స్ కట్టను టీపాయ్ మీద పడేసింది. రెండువేల ఇరవై మార్చి మొదట్లో నాగభూషణంగారి ఉవాచ: ఇది ఉత్త జలుబు, ఎండలు ముదిరితే మాడిపోతుంది, పెళ్లిళ్లు మానుకునే పిరికివాళ్లను చూస్తే నవ్వొస్తోంది. ఏప్రిల్లో అదే మహానుభావుడు, అదే ఫొటోతో: పెళ్లిళ్లకు ఎగబడిన బుద్ధిలేని జనం వల్లే ఈ గతి. మధ్యలో ఒక్క సవరణ లేదు. నాలుక మడతేసిన సిగ్గు కూడా లేని మనిషికి ఇప్పుడు శాలువా.

"అప్పుడెవరికి తెలుసాంటీ. ఇప్పుడు చూసి తప్పనడం ఈజీ."

"తెలియకపోవడం తప్పు కాదు నాయనా. తెలియదని రాయడానికి ఎంత సిరా పట్టేది?"

రఘునందన్ ఇబ్బందిగా మార్చి నాటి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అంచున ఆఫీసర్లు వాడే ఆకుపచ్చ సిరాతో రెండు ముక్కలున్నాయి: 'ధైర్యాన్నిచ్చే వార్త. అందరికీ పంపదగినది.' కింద సంతకం.

"ఇదెవరిదాంటీ?"

"నాదే." ఆమె గొంతు తగ్గింది. "మీ అంకుల్ తన మేనకోడలి పెళ్లికి వెళ్లనని మొండికేశారు. దీన్ని ఫొటో తీసి ఆయనకి పంపాను. ఆఫీసరైన భార్య మాట కదా, నమ్మారు. పెళ్లినించి వచ్చాక పద్దెనిమిదో రోజున పోయారు. ఆసుపత్రివాళ్లు నాకు ఆయన మొహం కూడా చూపించలేదు."

అతను టీకప్పు కింద పెట్టేశాడు.

నాగభూషణం మీద ఇన్నేళ్లుగా పెంచుకున్న అసహ్యంలో సగం తన మీదేనని ఆమెకు ఎప్పుడో తెలుసు. సన్మానపత్రాన్ని పక్కకు నెట్టి, ఆ పాత కాగితం మీద, పాత సంతకం కిందే ఇవాళ్టి తేదీ వేసి మళ్లీ సంతకం చేసింది.

"ఆయనకి శాలువా కప్పేటప్పుడు మైకులో ఇది చదవండి," అంది. "నా పేరు కూడా వదలకుండా చదవండి."