వీపు పలక

ఆరోమాత అల్లిన కవచం తొడుక్కున్నవాడు కూర్చోలేడు, వంగలేడు, ముక్కు దురద పెడితే గోక్కోలేడు. కానీ చావడు. దీవి దక్షిణపు కొసలో నలభై ఏళ్ళుగా ఆమె పనితనానికి ఉన్న పేరు అది. కొబ్బరి పీచును నెలల తరబడి ఉప్పు కయ్యలో నానబెట్టి, దంచి, తొడ మీద పేని తాడు చేసి, ఆ తాడుతో ముడి మీద ముడి వేసుకుంటూ పోతే ఒక్క కవచానికి ఏడాది పడుతుంది. సొరచేప పళ్ళు పొదిగిన కత్తి దాని మీద పడితే పళ్ళే రాలాలి.

ఆ కవచానికి వెనకవైపు ఒక పలక ఉంటుంది. నడుము దగ్గర మొదలై, తలను దాటి జానెడు పైకి లేస్తుంది. అది శత్రువుల కోసం కాదు. కొట్లాటలో ఆడవాళ్ళు తమ మగవాళ్ళ వెనకే వరసకట్టి అవతలివాళ్ళ మీదికి రాళ్ళు రువ్వుతారు. రువ్విన ప్రతి రాయీ అంత దూరం వెళ్తుందా మరి? "మా ఆడాళ్ళ గురి మీద మాకున్న నమ్మకం ఇంతెత్తు" అని మగవాళ్ళు పలక చూపించి పగలబడి నవ్వేవారు. ఆడవాళ్ళు నవ్వనిచ్చేవారు.

ఇంత మర్యాదగా సాగిపోతున్న కొట్లాటల్లోకి కైతూ తుపాకీ పట్టుకొచ్చాడు.

కైతూ ఆరోమాతకు ఒక్కగానొక్క కొడుకు. దారిన పోయే ఓడ ఒకటి లంగరు వేస్తే, ఇంట్లో ఉన్న కొబ్బరినూనె మొత్తం పడవకెక్కించి ఓడవాళ్ళకిచ్చేసి, బదులుగా ఇనప గొట్టం, కాస్త తుపాకీమందు, గుప్పెడు గుళ్ళు పుచ్చుకున్నాడు. తల్లి తలకు రాసుకోవడానికి చుక్క నూనె మిగల్చలేదు, అప్రాచ్యుడు!

"ఏంట్రా ఇది?" అంది ఆరోమాత.

"ఆ ఉత్తరపు నబుతిగాడికి మందమ్మా. చూడు."

మొద్దు మీద కొబ్బరికాయ పెట్టి, ముప్ఫై అడుగుల అవతల నిలబడి పేల్చాడు. పొగ తేలిపోయాక చూస్తే కాయ లేదు, పీచు లేదు, మొద్దులో సగం లేదు. ఊళ్ళో కోళ్ళు సాయంత్రం దాకా అయిపు లేవు.

"ఎలా ఉంది?"

"బానే ఉంది. మరి దీనికి గీరడం వచ్చా?"

"గీరడమేంటి?"

"గీరడంరా! తోలు చీరి, కాస్త రక్తం తీసి, 'అమ్మో' అనిపించి వదిలేయడం. వచ్చా, రాదా?"

"ఇది తగిలాక అమ్మో అనడానికి మనిషుంటే కదా!" అని కైతూ మురిసిపోయాడు.

ఆ దీవిలో మనిషిని గీరితే ఏమీ లేదు. ఎన్నయినా గీరుకోవచ్చు, ఆ మచ్చలు చూపించి పెళ్ళిళ్ళలో గొప్పలు పోవచ్చు. చంపితే మాత్రం చంపినవాడి ఇల్లు చచ్చినవాడి ఇంటికి నేల రాసివ్వాలి. నేలంటే ఎంతని? ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నాలుగు చాపలంత వెడల్పు పట్టీ. ఆరోమాతకు ఉన్నది అదొక్కటే. అందులో ఆమె తల్లి చేత్తో తవ్విన బబాయి దుంపల గుంట ఉంది. నబుతి చచ్చిన మర్నాడు ఆ గుంట గట్టు మీద నబుతి తల్లి తెబారా కూర్చుంటుంది.

అసలు గొడవ ఏమిటంటే కయ్యలో చేపలకు కట్టిన రాతిగోడ. ఉత్తరంవాడైన నబుతి దాన్ని నాలుగు రాళ్ళ మేర ఇటు జరిపాడు. నాలుగే రాళ్ళు!

"ఎలక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటావా? గోడంటే నాలుగు రాళ్ళు, నేలంటే మన బతుకు" అని మొత్తుకుంది.

"నబుతి దీన్ని చూసే పారిపోతాడే అమ్మా. చంపాల్సిన పనే రాదు."

ఆరోమాత ఊరి పెద్దల దగ్గరికి, మనేబా సభాశాలకు పరుగెత్తింది. అక్కడ ముసలాళ్ళంతా తుపాకీని వంతులవారీగా ఒళ్ళో పెట్టుకుని మనవణ్ణి నిమిరినట్టు నిమురుతున్నారు. "చూస్తేనే పారిపోతాడు" అన్నారు వాళ్ళూ.

"కవచం తొడుక్కున్నవాడు ఎలా పారిపోతాడయ్యా? ఇద్దరు పట్టుకుంటే గానీ నడవలేడు!" అంది ఆరోమాత. తుపాకీ పక్కవాడి ఒళ్ళోకి వెళ్ళింది.

కొట్లాట రోజు పొద్దున్న కవచం తెచ్చి కొడుకు ముందు పెట్టింది. "ఇదైనా తొడుక్కో."

"అందులో చెయ్యి లేవదు, గురి కుదరదు. దాని కాలం అయిపోయిందమ్మా! నాలుగు బారల దూరం రానిస్తేగా వాడు నన్ను కొట్టేది?"

"ముందు నుంచి వచ్చేదానికి తుపాకీ ఉంది. వెనక నుంచి వచ్చేదానికో?"

"వెనకుండేది మీరేగా" అని నవ్వి, కైతూ ఒట్టి ఒంటితో బయల్దేరాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. ఆరోమాత కవచం లోపల పెట్టి, రాళ్ళబుట్ట చంకనేసుకుని వెనకే నడిచింది.

నబుతి పద్ధతిగా వచ్చాడు. నెత్తిన ముళ్ళచేప తోలు టోపీ, మెడ నుంచి మడమల దాకా పీచు కవచం, అటొకడూ ఇటొకడూ చేయూత.

"ఏరా కైతూ, బట్టల్లేకుండా వచ్చావు? మీ అమ్మకి వేళ్ళు పడిపోయాయా?"

"ఇవాళ నీకు నీ అమ్మ అల్లింది కూడా చాలదురా, గోడదొంగా!"

"ఆ కర్రేంటి? దాంతో దుంపలు తవ్వుతావా?"

కైతూ గొట్టం భుజానికెత్తాడు. కోళ్ళ సంగతి విన్న చేయూతగాళ్ళిద్దరూ నబుతిని అక్కడే వదిలేసి ఇసకలో పడి పరుగు. నబుతి ఒక్కడే నిలబడ్డాడు, నిలబడక ఏం చేస్తాడు? "ఒరేయ్, నన్ను వెనక్కి తిప్పండర్రా!" అని టోపీలోంచి గొంతు వచ్చింది. ఆ గొంతులో పౌరుషం లేదు. ఉత్తరపు వరసలో తెబారా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

కైతూ ఒక కన్ను మూశాడు. ఊపిరి బిగబట్టాడు.

టప్పుమని చప్పుడైంది. తుపాకీది కాదు. కైతూ తల వెనక పగడపు రాయి తగిలిన చప్పుడు. ఆ తర్వాతే తుపాకీ ఆకాశంలోకి పేలింది. కొబ్బరి గెల ఒకటి తెగి, తుపాకీని అందరికంటే ఎక్కువసేపు నిమిరిన పెద్దాయన పక్కనే దభేలుమని పడింది. ఆయన వెంటనే లేచి నిలబడ్డాడు.

"రక్తం కనబడింది. ఇవాల్టికి చాలు!" అన్నాడు.

"అది మనవాడి రక్తమే కదా తాతా" అన్నాడెవడో.

"ఎవరిదైతేనేం, ఎర్రగానే ఉందిగా!"

చేపల గోడ రెండు రాళ్ళ మేర వెనక్కి జరగాలని తీర్పైంది. నబుతిని నలుగురు కలిసి వెనక్కి తిప్పారు.

పొద్దు వాలుతుండగా ఆరోమాత ఇంట్లో కొడుకు తలకు ఆకు నూరి కట్టింది.

"అబ్బా, మండుతోందే! ముందు కాస్త నూనె రాయి."

"ఏదీ నూనె? నీ గొట్టాన్ని అడుగు."

కైతూ కాసేపు మూలిగాడు. తర్వాత అనుమానంగా తల్లికేసి చూశాడు. "అమ్మా, నిజం చెప్పు. చెయ్యి జారిందా?"

"చిన్నప్పటి నుంచీ రువ్వుతున్నా. ఒక్కసారి జారలేదు."

"మరి ఆ పలక..."

"అది మా గురి తప్పుతుందని కట్టింది కాదురా సన్నాసీ. తప్పదని."

కైతూ గోడకు ఆనించిన తుపాకీ వంకా, మూలనున్న కవచం వంకా చూశాడు.

అంతలో వాకిట్లో అలికిడైంది. నబుతి తల్లి తెబారా, చేతిలో కొబ్బరి చిప్పతో నూనె.

"పిల్లాడికి రాయి వదినా" అంది. ఆరోమాత చిప్ప అందుకుంది. తెబారా మాత్రం కదల్లేదు. గొంతు తగ్గించింది. "మావాడు ఇంటికొచ్చిన కాడ్నించీ కొబ్బరి కోరుతూనే ఉన్నాడు. వచ్చే ఓడకి నూనె కావాలంట. వాడికీ ఒక గొట్టం కావాలంట."

"కవచం?"

"విప్పి అటకెక్కించేశాడు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తెబారాకీ ఒకటే పట్టీ నేల, ఒకడే కొడుకు.

"నా గురి నీ అంత కాదు వదినా" అంది తెబారా. "ఎంత రాయి తీసుకున్నావు?"

ఆరోమాత నూనె చిప్ప లోపల పెట్టొచ్చి, ఖాళీ బుట్ట చంకనేసుకుంది.

"పిడికిలి కంటే చిన్నది. చెవికి రెండు వేళ్ళు వెనక. గట్టిగా కాదే, వాడు చస్తే మొదటికే మోసం. గీరాలి అంతే" అంటూ ఒడ్డుకేసి నడిచింది. "రా, వెలుతురుండగానే ఏరుకుందాం."