గంగకు జరగని పరీక్ష

నా భార్య గంగను చంపింది ఆమె సొంత అన్న గాసి. కత్తితో కాదు, కర్రతో కాదు. పరీక్ష జరగాల్సిన పొద్దున ఆసుపత్రి మంచం మీంచి లేపి తీసుకుపోయి చంపాడు. ఇది నా అనుమానం కాదు. జరిగింది.

మాది హుకుంపేట పైన కొండల్లో ఊరు. కాఫీ ఉంది, దాని నీడచెట్లకు మిరియం పాదులున్నాయి, తినడానికి సామలు, చోళ్లు పండుతాయి. నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివాను. ఇంట్లో ముగ్గురం. నేను, గంగ, మా అక్క రాజులమ్మ. మొగుడు పోయాక అక్క మా ఇంటికే వచ్చేసింది. మాకు పిల్లలు లేరు. గంగ నాతో తోటకు వచ్చేది. వంట అక్క చేసేది. తర్వాత అందరూ పట్టుకున్నది ఈ మాటనే.

గంగకు కడుపులో బాధ కాఫీ పళ్లు కోసే రోజుల్లో మొదలైంది. తిన్న కాసేపటికి బొడ్డు కింద మెలిపెట్టేది. పేగుల్లో గుడగుడ పక్కన కూర్చున్న వాళ్లకు కూడా వినపడేది. కొన్నాళ్లు విరేచనాలు, కొన్నాళ్లు బిగదీసుకుపోవడం. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులైపోయి కుట్లు వేసుకుంది.

హుకుంపేటలో సర్వేశ్వరరావు మందుల షాపు ఉంది. కింద మైదానం నుంచి వచ్చినవాడు. షాపు వెనక ఒక మంచం వేసి సెలైన్లు పెడతాడు. సంత రోజున ఆ మంచం ఖాళీ ఉండదు. గంగ పొట్ట మీద వేలితో రెండు తట్లు తట్టి, "గేసు" అన్నాడు.

ప్రతి సంతకూ వెళ్లాం. ప్రతిసారీ గేసే. ఒకసారి నా మోకాలు చూపిస్తే దానికీ గేసే అన్నాడు.

"పరీక్ష ఏటైనా సేయించమంటారా బాబూ?" అని అడిగాను.

"పరీక్షలంటే విశాఖ ఎల్లాలి. అక్కడికెల్తే కోతలే. పెళ్లాన్ని కోయించుకుంటానంటే నీ ఇష్టం," అన్నాడు. ఆ మాటకు గంగ భయపడింది. భయపెట్టడానికే అన్నాడని నాకు తెలుసు. మేం విశాఖ వెళ్తే ఆ మంచం మీద ఒక మనిషి తగ్గుతుంది. రెండేళ్లు ఆ గేసు బిళ్లలతోనే గడిచిపోయాయి.

ఈలోగా గంగ ఒకసారి పండక్కి అన్న ఊరు వెళ్లింది. గాసిది అరకు దాటాక చిన్న ఊరు. అక్కడ ఉన్నన్నాళ్లూ కొంచెం తేరుకుంది. మా ఇంటికొచ్చాక మళ్లీ పడుకుంది. గాసికి అది చాలు.

"మా ఇంట్లో తింటే తిరుగుతాది. మీ ఇంట్లో తింటే పడుకుంటాది. ఇందులో సదువుకోవాల్సింది ఏటుంది బావా?" అన్నాడు నాతో, మా వాకిట్లో నిలబడి, లోపల అక్కకు వినపడేలా.

పెట్టుడు మందు అంటే మా కొండల్లో తెలియని వాళ్లు లేరు. గిట్టనివాళ్లు అన్నంలోనో కూరలోనో కలిపి పెడతారని, అది కడుపులో గడ్డకట్టి మనిషిని లోపల్నించి తినేస్తుందని నమ్మకం. దాన్ని దింపేవాళ్లు వేరే ఉంటారు. ఆకు పసరు తాగిస్తారు. వాంతులో విరేచనాలో అయ్యి కడుపు తేలికపడుతుంది. మందు పడిపోయిందంటారు.

గాసి చెల్లెల్ని ఒడిశా సరిహద్దు దగ్గర అలాంటి ఒకామె దగ్గరకు తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను, చూడాలని. పసరు తాగించింది. గంగ కక్కింది. మందు దింపే మనిషి ఆ కక్కులో చెయ్యి పెట్టి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ఉండ ఒకటి తీసి ఆకులో పెట్టి చూపించింది. మా తర్వాత వచ్చిన ముసలాయన కడుపులోంచి కూడా అలాంటి ఉండే వచ్చింది. అంతే సైజు. అవే వెంట్రుకలు.

"అందరికీ ఒక్కరే పెడతన్నారేటి బావా?" అన్నాను గాసితో.

వాడు నవ్వలేదు. కొన్ని రోజులు గంగకు బాగానే ఉంది. తర్వాత నొప్పి తిరిగొచ్చింది. దింపిన మందు మళ్లీ వచ్చిందంటే మళ్లీ పెట్టినట్టే కదా, అన్నాడు గాసి. ఎవరు పెట్టారో వాడు చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఇంట్లో వంట చేసేది ఒక్కరే.

అక్క కుళాయి దగ్గరకు వెళ్తే ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. ఒక పెళ్లిలో ఆమె వడ్డించిన విస్తరిని ఒకామె పక్కకు జరిపేసింది. ఎవరో చిల్లంగి అన్నారు, అంటే చేతబడి చేసే మనిషని. ఆ మాట ఒక మనిషికి అంటుకుంటే ఆ మనిషి ఊళ్లో బతకలేదు. తరిమేసినవాళ్లున్నారు, కొట్టి చంపినవాళ్లున్నారు. అక్క మాత్రం వండడం మానలేదు.

నాకు కావాల్సినవి రెండు. గంగ బతకాలి. దాని రోగానికి డాక్టరు నోటితో ఒక పేరు రావాలి. పేరు వస్తే అక్క మీద పడ్డ మాట పోతుంది. అందుకే ఎవరి మాటా వినకుండా గంగను అరకు తీసుకెళ్లి స్కానింగ్ తీయించాను. పేగు ఒకచోట మందంగా ఉంది, విశాఖ వెళ్లండి అన్నారు.

విశాఖ పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరమ్మ పేరు హారిక. చిన్న వయసు. స్కానింగ్ చూసి, గంగ పొట్టను చాలాసేపు నొక్కి చూసింది.

"ఇది గ్యాస్ కాదు. పేగు వాచి ఇరుకైంది. వెనకనుంచి కెమెరా ఉన్న గొట్టం పంపి చూడాలి. ఒక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అప్పుడే ఇది టీబీయా, క్యాన్సరా, ఇంకేదైనానా అన్నది చెప్పగలం."

"టీబీ ఊపిరితిత్తులకు కదమ్మా?"

"పేగులకూ వస్తుంది. అదే అయితే మందులతో తగ్గిపోతుంది."

"ఆ ముక్క తియ్యకుండా రాసెయ్యలేరా?"

"ఊహించి రాయమంటారా? రెండేళ్లుగా మీ ఊళ్లో ఊహిస్తూనే ఉన్నారుగా."

ఆ మాట నాకు నచ్చింది. కానీ ఆమెనూ నేను పూర్తిగా నమ్మలేదు. ముక్క ఏ సీసాలో వేస్తారు, మా ముక్కే అని ఎలా తెలుస్తుంది అని అడిగాను. ఆమె విసుక్కోలేదు. ఒక చిన్న సీసా తెప్పించి, దాని మీద గంగ పేరు, నా పేరు నా ముందే రాసింది. భర్త పోతురాజు అని. నేను చదువుకున్నాను.

ఆడవాళ్ల వార్డులో తోడుగా ఆడమనిషి ఉండాలి. అక్క వస్తానంది. ఆమె చెయ్యి తన చెల్లెలికి తగిలితే ఊరుకోనని గాసి ఫోన్లో అరిచాడు. చివరికి తన పెళ్లాం కనకను తీసుకుని తనే దిగాడు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం నర్సు ఒక పొడి ఇచ్చి, పెద్ద సీసాడు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా మొత్తం తాగించమంది.

"ఇదేటి?" అన్నాడు గాసి.

"కడుపు కడిగే మందు. పేగు ఖాళీగా ఉంటే గాని కెమెరాకు ఏటీ అవుపడదు," అన్నాను.

గంగ తాగింది. తెల్లవార్లూ కనక ఆమెను బాత్‌రూమ్‌కు తిప్పుతూనే ఉంది. తెల్లారేసరికి నీళ్లు తప్ప ఏమీ రావడం లేదు. గంగ మంచం మీద తనంతట తానే లేచి కూర్చుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. నొక్కి చూసుకుంది.

"నొప్పి లేదు," అంది. "ఆకలేస్తంది."

ఆకలి అన్న మాట ఆమె నోట విని ఎంతో కాలమైంది. గాసి కనక వైపు చూశాడు. కనక తల ఊపింది. తర్వాత నన్ను వరండాలోకి పిలిచాడు.

"పడిపోనాది బావా."

"ఏటి పడిపోనాది?"

"మందు. పసరైతే ఏటి, పట్నం పొడైతే ఏటి? దింపడం ఒకటే కదా. పాపం, ఈల్లు బాగా దింపీసినారు. ఆ ఒడిశా ముసల్ది ఇంత బాగా దింపలేదు. ఇంక గొట్టం ఎందుకు?"

"ఇల్లు ఊడ్సినారంతే బావా. ఇంకా లోపలికి సూడలేదు. సూస్తే గాని రోగమేటో తెల్దు."

"నొప్పి పోయినాక రోగమేటి?"

"కడుపు ఖాళీగా ఉంది కాబట్టి నొప్పి లేదు. తింటే మళ్లీ వస్తాది."

"ఎవరి సేతి కూడు తింటే?" అన్నాడు.

వాడు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"నాకు తెల్దనుకున్నావేటి? మీ అక్క పేరు కడుక్కోడానికి నా సెల్లి కడుపులో గొట్టం దింపుతన్నావు."

వాణ్ని కొట్టలేదు. అది ఆసుపత్రి. లోపలికి వెళ్లి గంగ పక్కన కూర్చున్నాను.

"ఒక్క పూట ఓర్సుకో. పరీక్ష అయిపోతే బేగి ఎలిపోదాం," అన్నాను.

"నొప్పి లేనప్పుడు ఏటి సూత్తారు?"

"ఎందుకు వచ్చిందో సూత్తారు."

"కోస్తారంట గదా."

"ఎవరు సెప్పినారు?"

ఆమె అన్న వైపు చూసింది. తర్వాత గోడ వైపు తిరిగింది. పరీక్ష కాగితం మీద సంతకం పెట్టించుకు రమ్మని నర్సు నన్ను కింద కౌంటరుకు పంపింది. వరస పెద్దదిగా ఉంది. సంతకం పెట్టించుకుని వచ్చేసరికి మంచం ఖాళీ. పొడి కలిపిన సీసా అడుగున ఇంకో గుక్క మిగిలి ఉంది. గాసికి ఫోన్ చేస్తే మోగలేదు. ఆటోలో స్టేషన్‌కు పోయాను. అరకు మీదుగా పోయే పాసింజరు వెళ్లిపోయింది.

మర్నాడు గాసి ఊరు వెళ్లాను. గంగ అరుగు మీద కూర్చుని అన్నం తింటోంది. గాసి నా వైపు చూసి, "సూడు, ఎలా తింటందో. నువ్వు ఎప్పుడైనా ఇలా తినిపించినావా?" అన్నాడు. డాక్టరమ్మ ఇంకో తారీకు ఇస్తానంది, రా అని గంగను బతిమాలాను. గాసి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"మళ్లీ నొప్పి వస్తే ఎల్దాం లే," అంది గంగ. ఆమె ముఖంలో సంతోషం ఉంది. అది నిజం. ఆ సంతోషం చూపించే గాసి గెలిచాడు.

నొప్పి అక్కడే మళ్లీ మొదలైంది. గాసి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. గంగే చెప్పకుండా బయల్దేరి బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. వచ్చిన సాయంత్రం అక్క పోసిన చోడి అంబలి తాగింది. "వదినా, నీ సేతి అంబలి తాగి ఎన్నాల్లయినాదో," అంది. ఆ మాట నేనూ విన్నాను, అక్కా విన్నది. మరెవరూ వినలేదు.

తెల్లారేసరికి పొట్ట రాయిలా గట్టిపడింది. పచ్చటి వాంతులు. 108 బండి ఊరి కిందకు వచ్చింది. అక్కడిదాకా మోసుకెళ్లాం. ఘాట్ రోడ్డు దిగుతుండగా నా చెయ్యి వదిలేసింది.

పూడ్చేటప్పుడు గాసి అందరికీ వినపడేలా ఏడ్చాడు. "మా ఇంట్లో తిన్నన్నాల్లూ బాగుంది. ఈల్లింటి అంబలి తాగింది, సచ్చిపోయింది." ఊరంతా విన్నది. అక్క గోతికి దూరంగా, వెదురు పొద దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. పిడికెడు మట్టి కూడా వెయ్యనివ్వలేదు.

దినం అయ్యాక విశాఖ వెళ్లాను. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. చెప్పింది విని, కుర్చీ చూపించి కూర్చోమంది.

"పేగు మూసుకుపోయి ఉంటుంది. పగిలి కూడా ఉండొచ్చు."

"దేనివల్ల?"

"టీబీ అయి ఉండొచ్చు."

"అయి ఉండొచ్చు కాదమ్మా. అదే అని రాసివ్వండి. ఊళ్లో సూపించాలి."

"ముక్క తీయలేదు కదండీ. చూడనిదాన్ని చూశానని ఎలా రాయను?"

"మందు పెడితే అయింది కాదని అయినా రాయండి."

"అలాంటిది లేదని నేను మీతో చెప్పగలను. ఎంతమందితోనైనా చెప్తాను. కానీ ఆమె దేనివల్ల చనిపోయిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు," అంది.

ఆమె తప్పేమీ లేదు. కానీ 'అయి ఉండొచ్చు' అన్న మాటను మా ఊళ్లో ఎవరి ముందు పెట్టను? గాసి మాట దానికంటే గట్టిగా ఉంది. వాడికి అనుమానమే లేదు.

తిరిగొచ్చాక ఇంట్లో మేమిద్దరమే. నేను, అక్క. ఊరు ఏదైనా చేస్తుందని కాపు కాశాను. ఊరు ఏమీ చేయలేదు. మాట్లాడడం మానేసిందంతే.

మా ఇళ్లలో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు తింటారు. అక్క పుట్టినప్పట్నించీ అలాగే తిన్నది. ఒకరోజు ఆమె నాకు అంబలి పోసి పెడితే, "నువ్వూ కూర్సో అక్కా, కలిసి తాగుదాం," అన్నాను. కొంచెం ఆశ్చర్యంగా చూసి కూర్చుంది. ఆమె తాగింది. తర్వాత నేను తాగాను. ఆ మర్నాడూ అలాగే పిలిచాను. తర్వాత రోజు కూర ఎక్కువైందని చెప్పి నా కంచంలోది ఆమె కంచంలో వేశాను. ఆమె తిన్నదాకా నీళ్లు తాగుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఒకరోజు నేను పిలవలేదు. ఆమే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా గిన్నె తీసుకుని, అందులోంచి ఒక గుక్క తాగింది. మింగాక నోరు తెరిచి చూపించింది, చిన్నపిల్ల మాత్ర మింగి చూపించినట్టు. గిన్నె నా ముందు పెట్టింది.

"సాలా తమ్ముడా?" అంది.

పొద్దున్నే చీరల మూట కట్టుకుని వెళ్లిపోయింది. ఎవరూ తరమలేదు. ఇప్పుడు టైడాలో టూరిస్టుల కాటేజీలు ఊడుస్తోందని విన్నాను. అరకు లైన్లో రైలెక్కినప్పుడు టైడా వస్తే నేను ప్లాట్‌ఫాం లేని వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను.

అది కూడా గాసి చేసిందే. ఆ పొద్దున గంగను మంచం మీద ఉండనిచ్చి ఉంటే ఏదో ఒక పేరు వచ్చేది. నేను గిన్నె పట్టుకుని చూస్తూ కూర్చునేవాణ్ని కాదు.

రాజులమ్మ ఎందుకు వెళ్లిపోయిందని ఊళ్లో అడుగుతారు. గాసి కూడా ఎవరితోనో అడిగించాడు. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాశాను, అంతే. ఇకమీదట ఈ సంగతి ఎవరు ఎత్తినా లేచి వెళ్లిపోతాను. నా నోటి నుంచి ఒక్క ముక్క కూడా రాదు.