మంచు నిలవని గట్టు

హిల్మా చేతి తొడుగుని పళ్ళతో పట్టి లాగేసి, ఉత్త చేత్తో మేకు పీకింది. ఇనుము చలికి వేళ్ళకి అతుక్కుని, చర్మం కాస్త తీసుకునే వదిలింది. చెట్టుకి ఏటవాలుగా ఆనించిన గుంజ మీద ఎరగా బీవర్ అనే ఏటి జంతువు మాంసం ముక్క, దాని ముందు నలుచదరపు ఇనుప ఉచ్చు. నవంబరులో కట్టినప్పుడు అది ఆవిడ గడ్డం ఎత్తున ఉండేది. ఇప్పుడు మంచు మీద నిలబడి చూస్తే మొల ఎత్తుకి వచ్చింది. ఉచ్చు కిందికి దిగలేదు, నేలే పైకి లేచింది. మొల ఎత్తంటే, కుక్క ముందుకాళ్ళు గుంజ మీద వేసిందంటే మూతికి అందే ఎత్తు.

ఆవిడ పట్టేది ఫిషర్లని. ముంగిసకి పెద్దన్నలా ఉంటుంది, నల్లగా, పొడుగ్గా, చెట్లెక్కుతుంది. గుంజ మీదుగా పాకి మాంసం కోసం తల దూరుస్తుంది. రెండు పక్కల స్ప్రింగులూ మెడ మీద మూసుకుంటాయి. అరవడానికి కూడా టైముండదు. ఆ ఇనుముకి ఫిషరేదో కుక్కేదో తెలీదు.

అడవి కౌంటీ సర్కారుది, అంటే అందరిదీ. ఉచ్చులు పెట్టేవాళ్ళూ, కుక్కల్ని వదిలి వేటాడేవాళ్ళూ అందులోనే తిరగాలి. ఒకళ్ళ మొహం ఒకళ్ళకి గిట్టకపోయినా ఒక కట్టుబాటు మాత్రం తాతల నాటి నుంచీ ఉంది. పెద్ద మంచు పడితే ఉచ్చులవాళ్ళు ఉచ్చులన్నీ పైకెత్తి, ఎత్తిన చెట్టుకి నారింజరంగు పీలిక కట్టాలి. హిల్మా ఉచ్చుని మళ్ళీ గడ్డం ఎత్తున బిగించి, పీలిక ముడేసింది. ముడి గట్టిగా పడిందో లేదోనని ఇంకోసారి లాగి చూసింది. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసింది.

ఆవిడంతే. మొగుడు ఎర్నీ బీవర్ల కోసం వెళ్ళి, ఏటి మీద గడ్డకట్టిన మంచు పగిలి లోపలికి పోయిన చలికాలం నుంచీ ఈ ఉచ్చులు ఆవిడవయ్యాయి. భయం కూడా అప్పటి నుంచే. కొడుకు కర్టిస్ దగ్గితే క్షయ అనుకునేది, బండి ఆలస్యమైతే గుంటలో పడిందనుకునేది. ఎండాకాలం సరస్సు ఒడ్డున సెలవులకొచ్చేవాళ్ళ ఇళ్ళు తుడుస్తుంది, చలికాలం ఉచ్చులు చూసుకుంటుంది, ఆదివారం చర్చికి వెళ్ళి చివరి బల్ల మీద కూర్చుంటుంది. ఆవిడ గురించి ఊళ్ళోవాళ్ళు చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

కర్టిస్ కుక్కలవాడయ్యాడు. పెళ్ళాం వెళ్ళిపోయాక వాడింట్లో వాడితో మిగిలిన ప్రాణి టాన్సీ ఒక్కతే. చారల వేటకుక్క. దాని తల్లి ఈనగానే చచ్చిపోతే, అట్టపెట్టెలో పెట్టుకుని పొయ్యి పక్కన కూర్చుని, సీసాతో పాలు పట్టింది హిల్మాయే.

నిన్న ఫోన్ చేశాడు. "రేపు ఏటికి అవతల వదులుతున్నానమ్మా. అడవిపిల్లి జాడలున్నాయి."

"ఏరు గడ్డకట్టుకుపోయింది కదరా. పిల్లి ఇవతలికి దాటితే, దాని వెనకే ఇదీ దాటితే?"

"దాటనీ. నీ ఉచ్చులు ఎత్తేస్తావుగా?"

"తెల్లారగానే ఎత్తేస్తా. అయినా..."

"అయినా ఏంటి? ఆకాశం ఊడిపడుద్దా? నువ్వు పెళ్ళికెళ్ళినా శవపెట్టె ఏదీ అని వెతుకుతావే అమ్మా!" పడిపడి నవ్వాడు. ఆవిడా నవ్వింది, ఏం చేస్తుంది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒక్క గట్టు మీది ఉచ్చు తప్ప అన్నీ అయ్యాయి. హిల్మా గట్టు కింద ఆగింది. కుడి మోకాలు నిప్పుల్లో పెట్టినట్టుంది. ఈ గట్టు మీద మంచు నిలవదు. పడమటి గాలి పడ్డది పడ్డట్టే ఊడ్చుకుపోతుంది. ఎర్నీ అందుకే ఈ చోటు ఎంచాడు. "దీనికి మనం చాకిరీ చెయ్యక్కర్లేదే, గాలే చేస్తుంది" అనేవాడు. ఏ చలికాలమూ ఆ మాట తప్పలేదు. అయినా ఒకసారి ఎక్కి చూస్తే పోలా అని గుండెలో ఎప్పటి గుబులే మొదలైంది. ఇక చాల్లే, శవపెట్టె వెతకడం మానెయ్ అని కొడుకు మాటతోనే తనని తాను కసురుకుని, రోడ్డు వైపు దిగిపోయింది.

గట్టుకి పడమట పైన్ చెట్లని ఈ ఏడు కౌంటీవాళ్ళు కొట్టించారు. కొమ్మల్ని గుట్టగా పోసి వెళ్ళారు. ఆ సంగతి హిల్మాకి తెలుసు. గుట్ట వెనక గాలి ఆగుతుందనీ, ఆగిన చోట మంచు పేరుకుంటుందనీ తెలుసు. రెండూ కలిపి ఆలోచించలేదు, అంతే.

రోడ్డు పక్కన కర్టిస్ బండి ఆగి ఉంది. వాడూ, వాడి వేట జతగాడు డ్వేనూ బండికి ఆనుకుని కాఫీ తాగుతున్నారు.

"రండి రండి హిల్మా! మేమింకా బతికే ఉన్నాం, దిగులుపడకండి" అన్నాడు డ్వేన్.

"టాన్సీ ఏదిరా?"

కర్టిస్ మొహం వెలిగిపోతోంది. చేతిలోని చిన్న తెర చూపించాడు. కుక్క మెడపట్టీ ఎక్కడుందో అది చెబుతుంది. "పిల్లిని చెట్టెక్కించేసింది! చూడు, కదలకుండా తలెత్తి నిలబడింది. తలెత్తి ఉంటేనే ఈ చెట్టు బొమ్మ పడుద్ది."

"ఎంతసేపయింది?"

"కాసేపైంది. పిల్లి ఎక్కడికీ పోదు, టాన్సీ పోనివ్వదు. ఈ కప్పు అవగానే వెళ్తాం."

"మొరుగుడు వినిపించిందా?"

"గాలి అటు కొడుతోందండీ, ఏం వినిపిస్తుంది!" అన్నాడు డ్వేన్.

హిల్మా తెర దగ్గరికి వంగింది. ఏటి మెలిక. దాని పైన గట్టు. చెట్టు బొమ్మ సరిగ్గా దాని మీదే ఉంది.

"ఒరే నాన్నా, గట్టు మీది ఉచ్చు నేను ఎత్తలేదురా."

కర్టిస్ తల్లిని ఒక్క క్షణం చూశాడు. కప్పు ఎక్కడ పడిందో, వాడు పరిగెత్తాడు. డ్వేన్ వెనకే పోయాడు. హిల్మా మోకాలు ఈడ్చుకుంటూ, దొరికిన కొమ్మల్ని పట్టుకుంటూ ఎక్కింది. దేవుడా పిల్లే అయ్యుండాలి, పిల్లే అయ్యుండాలి అనుకుంటూ ఎక్కింది.

కొమ్మల గుట్ట వెనక మంచు తిన్నెలా పేరుకుంది, గుంజకీ దానికీ మధ్య మొల ఎత్తే మిగిలింది. టాన్సీ వెనకకాళ్ళ మీద నిలబడినట్టే ఉంది. మెడ ఉచ్చులో ఉంది కాబట్టి తల పైకే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటి మీద పడిన మంచు పలుకులు కరగడం లేదు.

కుక్కలవాడెవడూ ఉచ్చు విప్పడానికి జేబులో తాడుముక్క లేకుండా అడవిలోకి రాడు. కర్టిస్ జేబులన్నీ తడుముకున్నాడు, ఇవాళ వేరే కోటు వేసుకున్నాడు. కింద కూలబడి, బూటు లేసు సర్రున లాగి, స్ప్రింగు కళ్ళలోంచి, అంటే కొసల్లోని రింగుల్లోంచి, దూర్చి, కొసలు ముడేసి, కాలితో తొక్కిపట్టి పైకి గుంజాడు. ఒక పక్క, మళ్ళీ రెండో పక్క. టాన్సీ వాడి ఒళ్ళోకి జారింది. అంతా అయిపోయాక కూడా దాని మూతిలోకి ఊపిరి ఊదుతూనే ఉన్నాడు. ఆఖరికి డ్వేన్ వాడి భుజం పట్టుకున్నాడు.

"ఇక్కడ మంచు నిలవదురా" అంది హిల్మా. "ఎప్పుడూ నిలవలేదు."

కర్టిస్ కుక్కని మెడ చుట్టూ భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

"అన్నిటికీ భయపడతావు కదమ్మా" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ మాటతో తిరిగి నడిచాడు.

లేసు లేని బూటు అడుగడుగునా నోరు తెరుస్తోంది, మంచు లోపలికి పోతోంది. మేజోడు తడుస్తుంది, వేళ్ళు కొయ్యబారిపోతాయి, ఇంత చలిలో వేళ్ళు తీయించుకున్నవాళ్ళున్నారు.

"ఒరే, బూటు..." అంది.

వాడు వెనక్కి చూడలేదు. చెట్ల మధ్య వాడి భుజం మీద చారల తోక ఊగుతూ ఊగుతూ కనబడకుండా పోయింది. కాసేపటికి కింద బండి తలుపు పడిన చప్పుడైంది. తర్వాత ఇంజను, తర్వాత అదీ లేదు.

ఉచ్చు మంచులో పక్కకి ఒరిగి ఉంది. దాని స్ప్రింగు కంట్లో పసుపు, గోధుమ గళ్ళ లేసు ఇంకా దూరే ఉంది, కర్టిస్ వేసిన ముడి బిగిసిపోయి, తడి కొసలు అప్పుడే గడ్డకట్టుకుని, పుల్లల్లా పైకి నిక్కి.